సుబ్బారావు గారి ఫోటో గోడ మీంచి తీసెయ్యాలా?

ప్రశ్న క్లుప్తంగా ఇది: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. బి.ఫార్మసీ అయింది. పదో తరగతి నుంచి, ఎన్నో మందులు కనిపెట్టిన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారి ఫోటో నా చదువుకునే బల్ల ఎదురుగా గోడ మీద ఉంది. ఎం.ఫార్మసీ ప్రవేశ పరీక్ష జీప్యాట్ రెండుసార్లు రాశాను, రెండుసార్లూ పోయింది. "ఆయన కూడా మెట్రిక్ రెండుసార్లు తప్పాడుగా, నీకేంటి" అంటున్నారు అందరూ. ఆ మాట విన్నప్పుడల్లా ధైర్యం రావడం మానేసి సిగ్గేస్తోంది. పైగా ఆయన భార్యను ఇక్కడే వదిలి వెళ్ళి మళ్ళీ రానేలేదని ఈమధ్య చదివి మనసు విరిగిపోయింది. ఆ ఫోటో తీసేసి ఏదైనా ఉద్యోగం చూసుకోమంటున్నారు నాన్న. సినిమా హీరోని అభిమానిస్తే కనీసం సంతోషమైనా ఉంటుంది కదా అంటోంది నా స్నేహితురాలు. అసలు ఒకరిని ఆదర్శంగా పెట్టుకోవడం వల్ల ఉపయోగం ఉందా?

జవాబు:

అమ్మా, నేను కోనసీమలో జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. నా దగ్గర చదివిన పిల్లల ఈడే నీది, అందుకని నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. పిల్లలకు గొప్పవాళ్ళ గురించి చెప్పడం నా ఉద్యోగంలో పెద్ద భాగం. ఆ కథలు ఎవరిని నిలబెట్టాయో, ఎవరిని కుంగదీశాయో దగ్గరుండి చూశాను. అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

ముందు నీ ఆఖరి ప్రశ్నకు జవాబు. ఉపయోగం ఉంది, తప్పకుండా ఉంది. అయితే మనవాళ్ళు గొప్పవాళ్ళ కథ చెప్పేటప్పుడు పట్టుదల గురించి ఎంతైనా చెబుతారు గానీ, వాళ్ళకు కుదిరిన ఏర్పాట్ల గురించి చెప్పరు. డబ్బు ఎవరిచ్చారు, వండి ఎవరు పెట్టారు, జబ్బు చేస్తే ఎవరు చూశారు, కొత్త ఊళ్ళో ఎవరి ఆసరాతో నిలదొక్కుకున్నారు, ఈ మొత్తానికి మూల్యం ఎవరి నెత్తిన పడింది? ఇవన్నీ వదిలేసి పట్టుదల ఒక్కటే చెబితే వినేవాళ్ళకు మిగిలేది ఒకటే ఆలోచన: ఆయనకు ఉంది, నాకు లేదు. నీకు సిగ్గనిపిస్తున్నది అక్కడే అని నా నమ్మకం.

సుబ్బారావు గారి సంగతే చూద్దాం. ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. ఇంటినిండా పిల్లలు, తండ్రికి ఆరోగ్యం అంతంతమాత్రం. పదమూడో ఏట కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్ముకుని బతుకుదామని ఇంట్లోంచి పారిపోతే, పట్టుకొచ్చి మళ్ళీ బళ్ళో వేశారు. మెట్రిక్ రెండుసార్లు పోయింది. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి రాసి పాసయ్యారు. నీకు అందరూ చెబుతున్నది ఈ మూడోసారి గురించే కదా. కానీ రెండోసారికీ మూడోసారికీ మధ్య ఊరు మారింది, బడి మారింది. కొడుకు చదువు ఆగకూడదని తల్లి వెంకమ్మ గారు నగలు అమ్మారు. అదే ఇంట్లో, అవే పుస్తకాలతో, అదే పద్ధతిలో మూడోసారి కూర్చుని పాసైన మనిషి కాదాయన.

తరవాత మద్రాసు మెడికల్ కాలేజీ. స్వదేశీ ఉద్యమం మీద గురితో ఖద్దరు కట్టుకుని వెళ్ళినందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపం వచ్చి, ఎం.బి.బి.ఎస్. రావలసిన మనిషికి అంతకన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతిలో పెట్టారు. అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. ఆ జబ్బే ఈయనకూ వస్తే ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి మందుతో తేరుకున్నారు. లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే అనాటమీ చెప్పే ఉద్యోగమూ దొరికింది. 1922లో అమెరికా ప్రయాణానికి మామగారు సాయపడ్డారు, కాకినాడలో మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండగా నిలిచింది. ఆ నాయకర్ గారు కోరంగి వైపు నుంచి రంగూన్ వెళ్ళి కూడబెట్టిన ఆస్తిని చదువులకూ అన్నదానానికీ రాసిచ్చిన మనిషి. బోస్టన్ చేరాక ఖర్చులకు చాలక, అప్పటికే డాక్టరు అయిన మనిషి రాత్రిళ్ళు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి శుభ్రం చేశారు. అంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వతమైన పదవి రాలేదు. 1940లో లెడర్లే కంపెనీకి వెళ్ళిపోయారు. ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చే మందుల్లో చాలా భాగం ఆ తరవాతి ఎనిమిదేళ్ళలో వచ్చినవే. 1948లో, యాభై మూడేళ్ళకే కన్నుమూశారు.

ఇప్పుడు చెప్పు, ఇందులో ఆయన పట్టుదల ఎంత, వెంకమ్మ గారి నగలెంత, లక్ష్మీపతి గారి మందెంత, నాయకర్ గారి డబ్బెంత? విడదీయడం ఎవరి తరమూ కాదు. పట్టుదల ఉంది కాబట్టే ఆ సాయాలు అక్కరకొచ్చాయి, ఒప్పుకుంటాను. సాయాలు లేకపోతే ఆ పట్టుదల భీమవరంలోనే ఉండిపోయేది, అదీ ఒప్పుకోవాలి. "ఆయనా తప్పాడుగా" అని నీకు చెప్పేవాళ్ళు ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ ఆ మాటలో నీ చేతికి అందేది ఏమీ లేదు. "మూడోసారికి ఆయన ఏం మార్చుకున్నాడు, నేనేం మార్చుకోవాలి" అని అడిగితే అందులో నువ్వు చెయ్యగలిగిన పని కనబడుతుంది.

ఇది నా ఒక్కదాని అభిప్రాయం అనుకోకు. లాక్‌వుడ్, కుండా అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1997లో ఒక పరిశోధన ప్రచురించారు. అకౌంటింగ్ చదివే విద్యార్థుల చేత, అదే కోర్సు ఆఖరి ఏడాదిలో అద్భుతంగా రాణించిన ఒక విద్యార్థి గురించి చదివించారు. మొదటి సంవత్సరం పిల్లలకు తమ మీద నమ్మకం పెరిగింది, ఎందుకంటే ఆ స్థాయికి చేరడానికి వాళ్ళకింకా టైముంది. ఆఖరి సంవత్సరం పిల్లల్లో ఆ ఉత్సాహం రాలేదు. చదివింది అదే కథ, ఫలితం మాత్రం వేరు. పదో తరగతిలో నీకు బలమిచ్చిన ఫోటో ఇప్పుడు బరువనిపిస్తోందంటే నువ్వు మారిపోయావనీ, నీ అభిమానం ఉత్తిదనీ అనుకోకు. అప్పుడు నీ ముందు చాలా కాలం ఉంది, ఇప్పుడు కొంచెమే ఉన్నట్టు అనిపిస్తోంది, అంతే. 2016లో కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు తొమ్మిది, పది తరగతుల పిల్లల మీద ఇంకో పరిశోధన చేశారు. ఐన్‌స్టీన్, మేరీ క్యూరీ, ఫారడేల విజయాలు మాత్రమే చదివిన పిల్లల కన్నా, వాళ్ళు పడ్డ కష్టాలు, తప్పుల గురించి చదివిన పిల్లలకు సైన్సులో మార్కులు మెరుగుపడ్డాయి. అంతకుముందు వెనకబడి ఉన్న పిల్లలకు మరీ ఎక్కువగా. కాబట్టి ఆయన గురించి చదవడం ఆపకు. ఆయన కథలో చదివే చోటు మార్చు.

మన వైపు పూజలందుకుంటున్న వాళ్ళందరి దగ్గరా ఈ ఏర్పాట్లు కనబడతాయి. ధవళేశ్వరం ఆనకట్ట అనగానే గుర్రం మీద కాటన్ దొర విగ్రహం గుర్తొస్తుంది. మే 15న ఆయన పుట్టినరోజుకి ఊరూరా దండలు వేస్తారు. వెయ్యాలి కూడా. కరువులతో తుపాన్లతో అల్లాడిన నేలకి 1847 నుంచి 1852 దాకా కట్టిన ఆనకట్ట నీళ్ళిచ్చింది, ఈనాటికీ ఆ కాలవలే మన పొలాలు తడుపుతున్నాయి. అయితే పని మధ్యలో కాటన్ ఆరోగ్యం దెబ్బతిని సెలవు మీద వెళ్ళిపోతే, కెప్టెన్ ఆర్ అనే ఆయన పని ఆగకుండా నడిపించాడు. కాటన్ కింద ఉండి పని నడిపించిన మనవాడు వీణం వీరన్న. దండలు వేసే వాళ్ళలో ఆ పేరు తెలిసినవాళ్ళు ఎంతమంది? ఇంకో సంగతి, కంపెనీ ప్రభుత్వం డబ్బు మంజూరు చేసింది శిస్తు పెరుగుతుందన్న లెక్కతో. అది తెలిశాక కాటన్ మీద నా గౌరవం ఏమీ తగ్గలేదు. జనం ఆకలి మీద తనకున్న బాధను కంపెనీ వాళ్ళకు అర్థమయ్యే లెక్కల్లోకి మార్చి ఒప్పించగలిగాడు చూడు, ఆ నేర్పు నాకు ఇంకా గొప్పగా కనబడింది.

వీరేశలింగం పంతులు గారి సంగతీ అంతే. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారని పరీక్షల్లో రాస్తాం. ఆ తరవాత ఆ ఇంటికి వంటవాళ్ళు రావడం మానేశారు, నీళ్ళు మోసేవాళ్ళూ రాలేదు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు గోదావరి నుంచి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి, పెళ్ళికి వచ్చినవాళ్ళకీ ఇంట్లో ఆశ్రయం పొందిన ఆడపిల్లలకీ తనే వండిపెట్టారు. కాకినాడ పైడా రామకృష్ణయ్య గారు ధనసాయం చేశారు. ఎండలో గోదావరి గట్టు ఎక్కి దిగుతూ, దారిలో తెలిసినవాళ్ళు మొహం తిప్పుకుంటుంటే, ఆ బిందెలు ఇంటికి చేర్చడం ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకో. ఉపన్యాసం ఇవ్వడానికి ఎంత గుండె కావాలో దానికీ అంతే కావాలి. నేను క్లాసులో పంతులు గారి పాఠం వచ్చినప్పుడల్లా ఆవిడ గురించే ఎక్కువసేపు చెప్పేదాన్ని. పిల్లలకు ఎక్కువ తగిలేదీ ఆవిడ కథే, ఎందుకంటే నీళ్ళు మొయ్యడం వాళ్ళకు తెలిసిన పని. లంకల గన్నవరంలో ఎంత రాత్రి వచ్చినవాళ్ళకైనా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారికి కూడా వెనక జోగన్న గారి పొలం ఉంది, కాదనకుండా ఇచ్చిన ఆయన మనసు ఉంది. ఈరోజు ఆవిడ పేరు బడిలో మధ్యాహ్న భోజన పథకానికి పెట్టారు, చాలా సంతోషం. జోగన్న గారి పేరు కూడా పిల్లలకు చెప్పాలి.

ఇక నీ మనసు విరిగిన విషయం. ఆయన భార్య శేషగిరి గారు. 1919లో పెళ్ళి. మూడేళ్ళకు ఆయన ఓడెక్కారు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు, తండ్రి చూడనే లేదు. ఆ భార్యాభర్తలు మళ్ళీ కలుసుకోలేదు. దీన్ని కప్పిపుచ్చి నీకు ఓదార్పు చెప్పాలని నాకు లేదు. "గొప్ప పని కోసం త్యాగం" అంటారు కొందరు. త్యాగం చేసింది ఎవరు? తన ఇష్టంతో ఆయన వెళ్ళారు. ఆవిడను అడిగారో లేదో గానీ, మూల్యం మాత్రం జీవితాంతం ఆవిడ చెల్లించింది. ఇది తెలిసి నీకు బాధ కలిగిందంటే నీ మనసు సరిగ్గానే ఉంది. అలాగని మెథోట్రెక్సేట్ అనే ఆ క్యాన్సర్ మందు పనిచెయ్యడం మానేయదు కదా. ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్ల విరోధులతోనే, అంటే ఆ విటమిన్ పనిని అడ్డుకునే మందులతోనే, 1948లో అమెరికా డాక్టరు సిడ్నీ ఫార్బర్ బ్లడ్ క్యాన్సర్ ఉన్న చిన్నపిల్లలకు కొంతకాలమైనా ఊపిరి పోయగలిగాడు. ఈ రెండూ నిజాలే. ఒకదాంతో రెండోదాన్ని తుడిచేయాలని చూడకు. ఆయన పని దగ్గర నేర్చుకో, ఆయన సంసారం దగ్గర నేర్చుకోవద్దు. ఒక మనిషిని ఆదర్శంగా తీసుకున్నాం కదా అని ఆయన బతుకంతా నెత్తిన పెట్టుకోవాలన్న రూలేమీ లేదు. పెద్దపెద్దవాళ్ళ విషయంలో నేను చూసిందేమిటంటే, పూర్తిగా దేవుణ్ణి చేసినవాళ్ళే ఒక తప్పు బయటపడగానే పూర్తిగా తిట్టేది కూడా. మొదటినుంచీ మనిషిగానే చూసినవాళ్ళు తట్టుకుంటారు.

ఫోటో ఉంచాలా తియ్యాలా అన్నది నీ ఇష్టం, దానికి పెద్ద చర్చ అక్కర్లేదు. ఉంచేట్టయితే దాని కింద ఒక కాగితం మీద వెంకమ్మ, లక్ష్మీపతి, సత్యలింగ నాయకర్, శేషగిరి అని నీ చేత్తో రాసి అంటించు. ఒక్క మనిషిని చూసినప్పుడు పుట్టే సిగ్గు, అంతమందిని కలిపి చూసినప్పుడు పుట్టదు.

ఆయన పేరుతో నాకు బళ్ళో జరిగిన ఒక సంగతి చెప్పాలి. నువ్వు ఫార్మసీ చదివావు, బోదకాలుకిచ్చే మందు డీఈసీ గురించి నీకు నేను చెప్పేదేముంది. మన జిల్లాల్లో బోదకాలు ఎంతమందిని పీడించిందో నీకూ తెలుసు. మాత్రలు మింగించే కార్యక్రమం బళ్ళో కూడా ఉండేది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళకు డీఈసీ రెండు, పదిహేను దాటితే మూడు, దాంతోపాటు ఆల్బెండజోల్ ఒకటి. భోజనం అయ్యాక, ఎదురుగా నిలబడి మింగించాలి. పిల్లలు నాలిక కింద దాచుకుని మేము అటు తిరగ్గానే కిటికీలోంచి ఊసేసేవాళ్ళు. తల తిరుగుతుందనీ, వాంతి అవుతుందనీ భయం. కాళ్ళు బాగానే ఉన్నాయిగా మాకెందుకు అనే మాట ఒకటి. ఆ మందు వచ్చిన వాపును తగ్గించడానికి కాదనీ, రక్తంలో తిరిగే కంటికి కనబడని పురుగుల్ని చంపి, దోమ ద్వారా ఇంకొకరికి పాకకుండా ఆపడానికనీ ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కేది కాదు. ఒకరోజు బోర్డు మీద సుబ్బారావు గారి పేరు రాసి, ఈ మందు తెచ్చిన బృందాన్ని నడిపించినాయన మన భీమవరంలో పుట్టాడని చెప్పాను. వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "అంటే ఆయన చిన్నప్పుడు ఈ కాళ్ళు చూశాడాండీ?" అని అడిగింది. చూసే ఉంటాడమ్మా అన్నాను. ఆ పిల్ల ఇంకేం మాట్లాడకుండా మింగేసింది. మర్నాడు వచ్చి, వాళ్ళ నాయనమ్మ చీర కొంగున ముడేసి దాచుకున్న మాత్రల్ని కూడా దగ్గరుండి మింగించానని చెప్పింది.

ఆ పిల్ల శాస్త్రవేత్త అవ్వలేదు. అవ్వాలనీ లేదు. ఒక గొప్ప మనిషి మీద గౌరవం ఆ ఒక్కరోజు ఒక మంచి పని చేయించింది, ఇంకొకరి చేత కూడా చేయించేలా చేసింది. ఆదర్శం అంటే నా లెక్కలో ఇదే. ఆయనలాగా అవుతానా లేదా అని నువ్వు రోజూ బేరీజు వేసుకుంటున్నావు. ఆయన్ని చూసి ఈ వారం నేను ఏ పని వేరుగా చేశాను అని అడిగి చూడు.

ఈ కొలతతోనే నీ స్నేహితురాలి మాట కూడా చూద్దాం. సినిమా అభిమానాన్ని నేను చిన్నచూపు చూడను. మొగల్తూరు, పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల పుట్టి సినిమా అభిమానం తెలియకుండా పెరిగినవాళ్ళుండరు. నరసాపురం వై.ఎన్. కాలేజీలో చదివిన మొగల్తూరు కుర్రాడు చిరంజీవి అయ్యాడంటే ఈ ప్రాంతం పిల్లలకు అది చిన్న విషయం కాదు. ఆయన 1998లో రక్తనిధి, నేత్రనిధి మొదలుపెట్టాక, అభిమానులు పుట్టినరోజుకి వరస కట్టి రక్తం ఇవ్వడం చూశాం. ప్రసవంలో రక్తం కావలసి వస్తే కుర్రాళ్ళు మోటారుసైకిళ్ళ మీద కాకినాడ పరుగెత్తేవాళ్ళు. అది అభిమానం చేసిన పనే. ఫ్లెక్సీకి అప్పు చేసి, పక్క హీరో అభిమాని తల పగలగొట్టడం కూడా అభిమానం పేరుతో జరిగేదే. హీరో ఎవరన్నది నాకు ముఖ్యం కాదు, అభిమాని చేతుల్లోంచి ఏం వస్తోందన్నదే చూస్తాను. సంతోషం కోసం సినిమా చూడు, హాయిగా ఈల వెయ్యి. నీ జీతం గురించి, చదువు గురించి నిర్ణయాలు మాత్రం తెర మీది మనిషిని చూసి తీసుకోకు. ఆయన పడ్డ కష్టంలో తొంభై భాగాలు నీకు కనబడవు. బతికున్నవాళ్ళ విషయంలో ఇంకో జాగ్రత్త కూడా. వాళ్ళ కథ ఇంకా అయిపోలేదు, రేపు ఏం చేస్తారో తెలీదు.

బతికున్నవాళ్ళలో నాకు ఇష్టమైన ఉదాహరణ అమలాపురం కుర్రాడు, బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్‌సాయిరాజ్. 2022లో థామస్ కప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. చిరాగ్ శెట్టితో కలిసి ఏషియాడ్ స్వర్ణం తెచ్చాడు, ప్రపంచంలో మొదటి ర్యాంకు జోడీగా నిలిచాడు. 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో మొదటి గేము గెలిచి కూడా మలేషియా జంట చేతిలో ఓడిపోయారు. అతని స్మాష్ గురించే అందరూ మాట్లాడతారు. నాకు నచ్చేది, అతను ఆడేది డబుల్స్. ఎంత బలంగా కొట్టినా, పక్కన నిలబడ్డవాడు ఖాళీ కాపాడకపోతే పాయింటు రాదు.

నువ్వు ఇప్పుడున్న స్థితికి సుబ్బారావు గారి కన్నా దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఎక్కువ పనికొస్తారని నాకనిపిస్తోంది. రాజమండ్రిలో 1909లో పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు, ఎదిగాక ఆ బంధం వద్దని బయటికొచ్చారు. 1923 కాకినాడ కాంగ్రెసు మహాసభలప్పుడు ఖద్దరు ప్రదర్శన దగ్గర వాలంటీరుగా ఉండి, టికెట్టు లేదని నెహ్రూ గారినే ఆపేసిన సంగతి అందరూ చెబుతారు. అది చెప్పుకోవడానికి బాగుంటుంది. నీకు పనికొచ్చేది ఆ తరవాతి భాగం. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళి వచ్చాక, తన ఈడువాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని తిరిగే వయసులో, చదువు మళ్ళీ మొదలుపెట్టారు. బెనారస్ మెట్రిక్ ప్రైవేటుగా రాశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం చదివి, 1942లో మద్రాసులో లా పూర్తిచేశారు. తను రాసిన ఆ బెనారస్ మెట్రిక్‌కే మద్రాసులో ఇంకొందరు ఆడపిల్లల్ని కూర్చోబెట్టి కోచింగ్ ఇచ్చారు. 1937లో మొదలైన ఆంధ్ర మహిళా సభకు మూలం ఆ పాఠాలే. తన చదువుకు దొరకని ఏర్పాటును ఇంకొకరికి తనే చేసిపెట్టారు. రాజ్యాంగ సభకు వెళ్ళినా, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలైనా ఆ స్వభావం మారలేదు.

ఇక నువ్వు చేయవలసింది. ఫోన్ చేస్తే ఎత్తే ఆదర్శం ఒకరు నీకు కావాలి. మీ కాలేజీలోనే రెండోసారో మూడోసారో జీప్యాట్ గట్టెక్కిన సీనియర్ ఉండే ఉంటారు. మీ లెక్చరర్ని అడిగి నంబరు తీసుకో. మొదటిసారి ర్యాంకు కొట్టినవాళ్ళ దగ్గరకు వెళ్ళకు. తప్పి లేచినవాళ్ళ దగ్గరకే వెళ్ళు. "ఎలా కష్టపడ్డావు" అని అడిగితే "బాగా" అంటారు, అక్కడితో అయిపోతుంది. ఏ సబ్జెక్టులో పోయింది, ఏ పుస్తకం మార్చారు, రోజులో ఏ వేళ చదివారు, డబ్బు ఎలా గడిచింది, ఇంట్లో ఎవరు గొడవ చేశారు, వాళ్ళకేం చెప్పారు అని అడుగు. నీ రెండు మార్కుల కాగితాలూ పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ ఒకే చోట పోయిందేమో చూడు. పోతే, మూడోసారి ఆ చోటు ఒక్కదానికైనా నీకు పాఠం చెప్పే మనిషిని మార్చుకో. ఇంట్లో ఒంటరిగా చదవడం మానేసి ఇంకొకరితో కలిసి చదువు. రోజూ గంటసేపు మీ వీధిలో ఇంటర్ పిల్లకి కెమిస్ట్రీ చెప్పినా చాలు, నీకు ఏది రాదో ఆ గంటలో తేలిపోతుంది.

మీ నాన్నగారిని శత్రువు అనుకోకు. ఆయన ఉద్యోగం చూసుకోమంటున్నారంటే నీ చదువు మీద కోపమని ఎందుకనుకోవాలి? బయట ఏం మాట్లాడుకుంటారో, ఇంటి ఖర్చులెంతో ఆయనకు తెలుసు. సుబ్బారావు గారు కూడా చదువుకోసం ఉద్యోగాలు చేసిన మనిషే. ఆయుర్వేద కళాశాలలో పాఠం చెప్పారు, బోస్టన్‌లో పాత్రలు కడిగారు. ఆసుపత్రి ఫార్మసీలో పగటి షిఫ్టు దొరికితే తీసుకో. అక్కడ నీ చేతుల మీదుగా ఎన్ని మందులు పోతాయో, ఫార్మకాలజీ పుస్తకంలో సగం ఆ చీటీల్లోనే కనబడుతుంది. నాన్నగారి దగ్గర కూర్చుని, ఉద్యోగంలో చేరతాను, జీతంలో ఇంత ఇంట్లో ఇస్తాను, వచ్చే పరీక్ష ఒక్కటి రాస్తాను, అది కూడా పోతే ఎం.ఫార్మ్ ఆలోచన పక్కన పెడతాను అని స్పష్టంగా చెప్పు. గడువు చెబితే తండ్రులు వింటారు, నేను ఎంతోమంది తల్లిదండ్రులతో మాట్లాడి చూశాను. ఆయన ఒప్పుకోకపోతే ఏమన్నారో ఇక్కడే రాయి, అప్పుడు ఏం చేద్దామో చూద్దాం.